పిట్ట విన్న గొలుసు

గొలుసమ్మ అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఆఫీసులో ఇంకెక్కడా కనపడదు. గొలుసమ్మ అన్న పేరు మెడలో గొలుసు వల్ల వచ్చింది కాదు. ఆమె మెడలో ఎప్పుడూ ఏదీ వేసుకునేది కాదు. ఆమె రాసిన ఒక చిన్న లైబ్రరీ వల్ల వచ్చింది. లైబ్రరీ అంటే పుస్తకాలు, బీరువాలు, దగ్గితే ఉరిమి చూసే గుమాస్తా అనుకునేరు. ప్రోగ్రాములు రాసేవాళ్ళ లెక్కలో లైబ్రరీ అంటే ఒకరు రాసిపెట్టిన పనిముట్ల మూట. కావలసినవాళ్ళు తెచ్చుకుని తమ ప్రోగ్రాములో వాడుకోవచ్చు. ఈ తేడా తెలియక గొలుసమ్మ అత్తగారు "మా కోడలు సొంతంగా లైబ్రరీ పెట్టింది" అని వీధంతా చాటింపు వేసి వచ్చింది. ఆ వారంలోనే ఎదురింటాయన పాత వారపత్రికలు గోనెసంచీ నిండా తెచ్చి గుమ్మంలో దింపి, "నా వంతు సాయం" అని చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు. ఆ సంచీ ఇప్పటికీ మంచం కిందే ఉంది.

ఆమె లైబ్రరీ ఏం చేస్తుందో చెప్పుకోకపోతే కథ కదలదు కాబట్టి చెప్పుకుందాం. కంగారు పడక్కర్లేదు, బట్టల ఉతుకుతో తేలిపోయే సంగతే. నానబెట్టి, ఉతికి, జాడించి, పిండి, ఆరేశాను అని కదా మనిషన్నవాళ్ళు చెప్పుకునేది? ప్రోగ్రాముల్లో చాలాచోట్ల దాన్ని తలకిందులుగా రాస్తారు. ఆరెయ్యి. దేన్ని? పిండినదాన్ని. ఏది పిండినది? జాడించినది. ఇలా బ్రాకెట్టులో బ్రాకెట్టు, అందులో ఇంకో బ్రాకెట్టు, అట్టడుగున ఎక్కడో పాపం మాసిన బట్ట. రూబీ అనే కంప్యూటరు భాష కాస్త మర్యాద తెలిసినది. అందులో ఒక పని, పక్కన చుక్క, చుక్క పక్కన మరో పని, ఇలా వరసపెట్టి రాసుకుపోవచ్చు. అయితే నడుమ మన సొంత పని ఒకటి ఇరికించాలంటే ఆ వరస తెగిపోతుంది, మళ్ళీ బ్రాకెట్లే దిక్కు. గొలుసమ్మకి అది కంట్లో నలుసైపోయింది. అందుకని "గొలుసు" అని తనే ఒక లైబ్రరీ రాసింది. ఒక్కో పనికి ఒక్కో వరస. చుక్కలు లేవు, బ్రాకెట్లు లేవు. ప్రతి వరసా ఒక మాటతో మొదలవుతుంది: ఉంచు, వదులు, మార్చు. అసలు మాటలు ఇంగ్లీషువే అనుకోండి, మనలో మనం తెలుగులో చెప్పుకుంటే తప్పేముంది?

అది మొదటిసారి పనిచేసిన సాయంత్రం ఆమెకి ఒళ్ళు ఝల్లుమంది. ఎవరో మహానుభావులు కట్టిన భాష, ఎంతమంది దాన్ని నమ్ముకుని బతుకుతున్నారో! అంతటి భాష, "నా మాటతీరు నీకు నచ్చలేదా తల్లీ, సరే, నువ్వే మార్చుకో" అని తన లోపలి గదుల తాళాలు ఆమె చేతికిచ్చేసింది. ఆమె రాసింది గట్టిగా నాలుగు కాగితాలు నిండదు. దానికే భాష నడక మారిపోయింది. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా చూసుకోకుండా వంటింట్లో నిలబడి, "ఇది చేసింది నిజంగా నేనేనా?" అని పైకే అనేసుకుంది.

ఆ ఆశ్చర్యం చాలా చిన్నదని ఆమెకి తర్వాత తెలిసింది. తెలియజెప్పింది పిట్ట.

పిట్ట ఆమె ఆడపడుచు, భర్తకి ఒక్కగానొక్క చెల్లెలు. చిన్నప్పుడు తెల్లారకముందే లేచి వాగుడు మొదలుపెట్టేదని ఇంట్లో పెట్టిన పేరు. వాగుడు అలాగే ఉంది, చూపే పోయింది. అంతకుముందు ఆమె కూడా ప్రోగ్రాములు రాసేది. గొలుసమ్మ కంటే బాగా రాసేదని గొలుసమ్మే ఒప్పుకునేది. కంటినరం ఎండిపోతోందని డాక్టర్లు చెప్పిన ఏడాదికి వెలుగు, చీకటి తప్ప ఇంకేమీ తెలియకుండా పోయింది. కొంతకాలం మంచం, గోడ, రేడియో. ఉద్యోగం పోయింది. తర్వాత ఒకరోజు, ఎవరూ చెప్పకుండానే, పాత కంప్యూటరు ముందు కూర్చుని, తెర మీది రాతని పైకి చదివే గొంతుని దానిలో పెట్టించుకుంది.

ఆ రోజుల్లోనే గొలుసమ్మ ఒకసారి ఆ గదిలోకి వెళ్ళి హడలిపోయింది.

"ఏమేవ్, నీ కంప్యూటరు పాడైనట్టుందే! సీసాలో ఈగ పడ్డట్టు గుయ్యిమంటోంది."

"పాడవలేదు వదినా, చదువుతోంది."

"ఏం చదువుతోంది? దాని మొహం!"

"ఇవాళ్టి వార్తలు. కాస్త తొందరగా చదవమన్నా, అంతే."

"అబ్బో! అయితే ఇప్పుడేం చదివిందో చెప్పు చూద్దాం."

పిట్ట గడగడా అప్పజెప్పింది. గొలుసమ్మ తెర మీద వేలుపెట్టి పోల్చుకుంటూ పోయింది. ఒక్క ముక్క తేడా లేదు. తనకి ఈగ మోతలా వినపడినదాంట్లో పొల్లుపోకుండా మాటలున్నాయి, వాటిని పట్టుకునే చెవి ఒకటి తమ ఇంట్లోనే ఉంది. ఆ చెవి ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కుందో ఎవరికెరుక! గొలుసమ్మ అలా మంచం మీద కూలబడి, అడగడానికి వచ్చిన సంగతే మర్చిపోయింది.

వార్తలు వినడం వేరు, ప్రోగ్రాము వినడం వేరు. ప్రోగ్రాము పెట్టుకుంటే ఆ గొంతు, బ్రాకెట్టు తెరు, బ్రాకెట్టు తెరు, ఇంకో బ్రాకెట్టు తెరు, అంటూ మొదలుపెడుతుంది. ఎన్ని తెరిచామో, ఎన్ని మూశామో గుర్తుపెట్టుకునేసరికి పిట్టకి తల తిరిగిపోయేది. "నా బుర్ర తలుపుల కొట్టైపోయింది వదినా" అనేది. అప్పుడే, ఏమీ తోచక, వదిన లైబ్రరీతో రాసిన ప్రోగ్రాము ఒకటి పెట్టుకుని వింది. విని చాలాసేపు మాట్లాడలేదు. పిట్ట మాట్లాడకపోవడమంటే ఆ ఇంట్లో కరెంటు పోవడమే. అత్తగారు గుమ్మంలోంచి తొంగిచూసి వెళ్ళింది కూడా.

"ఇది నాకోసం రాశావా వదినా?"

"లేదే. ఇది రాసేనాటికి నీ కళ్ళు బంగారంలా ఉన్నాయి కదా."

"మరి ఇంత వినడానికి వీలుగా ఎలా రాశావు? ప్రతి వరసా ఏం చేయబోతుందో ముందే చెప్పి మరీ చేస్తోంది."

కంటికి ఇంపుగా ఉండాలని రాసుకున్నది చెవికి దారి వేసిందని గొలుసమ్మకి ఏం తెలుసు?

ఆ దారినే పిట్ట మళ్ళీ ఆఫీసు గుమ్మం దాకా వచ్చింది. గొలుసమ్మ పనిచేసేచోట రక్తపరీక్షల ల్యాబులకి రిపోర్టులు తయారుచేసే ప్రోగ్రాములు రాస్తారు. మేనేజరు నెమ్మదస్తుడు, మాట ఇవ్వడానికి జంకుతాడు కానీ ఇస్తే నిలబడతాడు. ఆయన్ని బతిమాలి, బామాలి, పిట్టకి నెలరోజుల ట్రయల్ ఇప్పించింది. నెగ్గితే ఉద్యోగం. నెగ్గకపోతే ఏమవుతుందో పిట్ట మొదటిరోజే మెట్లెక్కుతూ చెప్పేసింది.

"ఇదీ పోతే మళ్ళీ ఎవరినీ అడగను వదినా. అడిగి కాదనిపించుకునే ఓపిక అయిపోయింది. ఇంట్లో కూర్చుని మీ అందరి బుర్రలూ తింటా."

నవ్వుతూనే అంది. పట్టుకున్న చెయ్యి మాత్రం చల్లగా ఉంది.

మొదట్లో పిట్ట దూసుకుపోయింది. ఆమె పక్క బల్ల దగ్గర కూర్చునే ఆయన్ని ఆఫీసులో అందరూ అనుమానం అంటారు. ప్రోగ్రాములు సరిగా ఉన్నాయో లేదో పరీక్షించడం ఆయన పని. పనికి తగ్గ పేరే పెట్టారు; లిఫ్టు తలుపు తెరుచుకున్నాక కూడా లిఫ్టు వచ్చిందా అని ఒకసారి లోపలికి తొంగిచూసే రకం. అలాంటాయన కూడా "ఈ అమ్మాయి పనిలో నాకు ఇంతవరకూ ఏమీ దొరకలేదండీ, అదే నాకు అనుమానంగా ఉంది" అన్నాడు. అంతకన్నా పెద్ద మెప్పు ఆ ఆఫీసులో లేదు.

అంతా సవ్యంగా నడుస్తుంటే గొలుసమ్మకి చేతులు దురదపెట్టాయి.

అప్పటికే ఆమె గొలుసుకి కొత్త రూపం ఒకటి తయారుచేస్తోంది. మాటలెందుకు, గుర్తులుంటే ముచ్చటగా ఉంటుంది కదా అని, ఉంచు అన్నచోట కూడిక గుర్తు, వదులు అన్నచోట తీసివేత గుర్తు, మార్చు అన్నచోట లెక్కల్లో 'కంటే పెద్దది' అనే గుర్తు రెండుసార్లు కొట్టి ఒక బాణం పెట్టింది. బాణాలన్నీ ఒకదాని కింద ఒకటి నిలువుగా బారులు తీరితే నిజంగా చూడముచ్చటే. ఇంటర్నెట్టులో పెట్టగానే ముక్కూమొహం తెలియనివాళ్ళు ఆహా అన్నారు. ఒక ప్రోగ్రామర్ల సభవాళ్ళు వచ్చి మాట్లాడమని పిలిచారు. గొలుసమ్మ నేలమీద నిలవలేదు. పిట్టకి కూడా మేలే కదా అనుకుని, పిట్ట ట్రయల్ కోసం ఇచ్చిన రిపోర్టు ప్రోగ్రామునే కొత్త రూపంలోకి మార్చి, "ఇదిగోనే, కొత్త బట్టలు తొడిగాను" అని చేతికిచ్చింది.

మారుస్తున్నప్పుడు ఒకచోట చిన్న సర్దుబాటు కూడా చేసింది. వరసలు పొట్టి నుంచి పొడుగుకి మెట్లలా దిగుతున్నాయి, ఒకటి మాత్రం దారికి రాలేదు. దాన్నీ, దాని పక్కదాన్నీ అటూయిటూ మార్చింది. ఏది ముందైనా ఒకటే కదా అనుకుంది. మెట్లు చక్కగా కుదిరాయి. ప్రోగ్రాములు రాసేవాళ్ళకి మాత్రమే పట్టే పిచ్చి ఇది. దానికి మందు ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు. చూసినవాళ్ళందరూ "భలే ఉంది" అన్నారు. అనుమానం తన దగ్గరున్న నమూనా అంకెలతో వారమంతా పరీక్షించి సరే అన్నాడు.

ఆ వారంలోనే పిట్ట నడక మారింది. గంటలో చేసే పనికి పూట పడుతోంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, నుదుటి మీద వేళ్ళు ఆనించుకుని, ఒకే చోటు మళ్ళీ మళ్ళీ వింటోంది. మాటలు తగ్గాయి. మేనేజరు గొలుసమ్మని పక్కకి పిలిచాడు.

"మీ ఆడపడుచు అని మొహమాటపడుతున్నాననుకోకండి. మొదట్లో పరుగులు పెట్టింది. ఇప్పుడు నత్తనడక. ఆరోగ్యం బాగాలేదా?"

"బాగానే ఉంది సార్."

"రేపటితో నెల అయిపోతుంది. సాయంత్రానికి నేను పైవాళ్ళకి ఏదో ఒకటి చెప్పాలి. ఇలాగే ఉంటే ఏం చెప్పమంటారు? మీరే చెప్పండి."

ఆ సాయంత్రం బస్టాపులో గొలుసమ్మ పిట్ట మీద విరుచుకుపడింది. భయమే అది, కోపంగా బయటికొచ్చింది.

"ఏమైందే నీకు? ఆయన్ని ఎంత బతిమాలితే ఇచ్చాడో తెలుసా? చేయలేకపోతే చేయలేనని చెప్పు, నా పరువు తీయకు!"

పిట్ట తల వంచుకుంది. "రేపు బాగా చేస్తాలే వదినా" అంది. ఇంట్లో భర్త ఇద్దరి మొహాలూ చూసి, బాగుచేస్తున్న గోడగడియారం పక్కన పెట్టేసి, తనే వెళ్ళి కంచాలు పెట్టాడు.

మర్నాడు పొద్దున్నే కొత్త ప్రోగ్రామును ల్యాబులో నడపడం మొదలుపెట్టారు. పిట్ట దానికి ఇంకో పని జతచేయాలి, అదే ఆఖరి పరీక్ష. ఆమె మంచినీళ్ళకని లేచి, గోడ పట్టుకుని వెళ్ళింది. హెడ్‌ఫోన్లు బల్ల మీద ఉన్నాయి. వాటిలోంచి సన్నగా ఏదో మోత. గొలుసమ్మ పక్కనే నిలబడి ఉంది. ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా తను రాసింది తను వినలేదని ఆమెకి అప్పుడు తట్టింది. సిగ్గేసింది. కుర్చీలో కూర్చుని, చెవులకి పెట్టుకుని, వేగం బాగా తగ్గించి వింది.

గొంతు చదువుతోంది. పెద్దది గుర్తు, పెద్దది గుర్తు, మార్చిన అంకె. అడ్డగీత, గడ్డకట్టిన నమూనా. కూడిక, అత్యవసరం. పెద్దది గుర్తు, పెద్దది గుర్తు. అందంగా బారులు తీరిన బాణాలు చెవిలోకి వచ్చేసరికి గులకరాళ్ళై రాలుతున్నాయి. అడ్డగీత అంటే వదలమనా, లేక రెండు మాటల మధ్య ఉత్త గీతా? రాసిన మనిషి గొలుసమ్మే. ఆమెకే తెలియలేదు. వెనక్కి వెళ్ళి మళ్ళీ వింది. ఆఖరి వరసకి వచ్చేసరికి మొదటి వరస మర్చిపోయింది. అప్పుడు తను తగ్గించకముందు తెర మూలన ఉన్న అంకె గుర్తొచ్చింది: పిట్ట రోజూ వినే వేగం. ఇంత రాళ్ళవానని ఆ వేగంతో, ఈ వారమంతా, నోరెత్తకుండా వింటోంది. వింటూ, ప్రతి గుర్తునీ మనసులోనే మళ్ళీ మాటలోకి మార్చుకుంటూ, ఆగకుండా పనిచేస్తోంది. నత్తనడక అన్నారు దాన్ని! తనైతే ఆ చోట ఒక పూట కూడా నిలవగలిగేది కాదు.

పిట్ట తిరిగొచ్చి కుర్చీ వీపు తడిమింది. గొలుసమ్మ భుజం తగిలింది.

"వదినా? నా కుర్చీలో ఏం చేస్తున్నావు?"

"ఎందుకు చెప్పలేదే?"

"ఏంటి?"

"ఇది వినడానికి నరకంలా ఉందని ఎందుకు చెప్పలేదు? మూగనోము పట్టావా? నిన్న బస్టాపులో అన్ని మాటలన్నానే, అప్పుడైనా చెప్పొచ్చుగా!"

పిట్ట కాసేపు గ్లాసు అంచు వేలితో రాస్తూ నిలబడింది.

"నువ్వు ఎంత ముచ్చటపడ్డావు వదినా. సభకి పిలిచారని అన్నయ్యకి చెప్తూ ఎంత గట్టిగా నవ్వావో! నీ నవ్వు ఈమధ్య అంత గట్టిగా నేను వినలేదు. అందరికీ నచ్చింది నా ఒక్కదానికోసం మార్చమంటే బాగుంటుందా? అయినా నెగ్గుకొస్తాననుకున్నా."

"ఉద్యోగం పోతే?"

"పోతే పోయేది. నువ్వు నన్ను ఇక్కడిదాకా తెచ్చావు. అది పోదుగా."

గొలుసమ్మకి ఏడుపొచ్చింది. ఆఫీసు అని కూడా చూసుకోకుండా కుర్చీలోంచి లేచి పిట్ట తలని భుజానికి హత్తుకుని, "మొద్దుమొహమా" అంది. ఎవర్ని అందో ఆమెకే తెలియదు, ఆ మాట ఇద్దరికీ సరిపోతుంది.

తర్వాత చెంగు బిగించి తన బల్ల దగ్గర కూర్చుంది. మేనేజరు ఏంటని అడిగితే, "ఒక గంట టైమివ్వండి సార్, ఆ తర్వాత మీరు ఏమన్నా పడతాను" అంది. గుర్తులన్నీ పీకేసింది. బాణాలు పోయాయి, మెట్లు పోయాయి. ఎక్కడి పని అక్కడే ఉంచి, ప్రతి వరసకీ ముందు మళ్ళీ పాత మాట నిలబెట్టింది: ఉంచు, వదులు, మార్చు. సభ గుర్తొచ్చింది. ఏ బాణాలు చూసి పిలిచారో ఆ బాణాలే లేవిప్పుడు. వెళితే ఇదే చూపిస్తాను, ఇష్టమైతే వింటారు, లేకపోతే లేదు అనుకుంది. అలా అనుకోగానే ప్రాణం తేలికపడింది.

"ఇప్పుడు విను."

పిట్ట హెడ్‌ఫోన్లు పెట్టుకోలేదు. వాటి తీగ ఊడబెరికి, గొంతుని గదిలోకి వదిలింది. గుయ్యిమంటూ ఒక్క దూకుడున సాగింది. అనుమానం ఉలిక్కిపడి చూశాడు. ఎదురు బల్లల దగ్గర నలుగురు తలలు తిప్పారు. ఆ మోతలో ఎవరికీ ఒక్క మాట పట్టుబడలేదు. పిట్ట మొహం మాత్రం విప్పారింది. తల కాస్త పక్కకి వాలింది, పెదాలు కదులుతున్నాయి. ప్రోగ్రాము మొత్తం, ఈ చివర నుంచి ఆ చివర దాకా, ఒక్క గుక్కలో ఆమె లోపలికి వెళ్ళిపోతోంది. గొలుసమ్మ ఊపిరి బిగబట్టి చూసింది. తను రాసిన నాలుగు కాగితాల రాతలో ఇంత చోటుందని ఆమె కలలో కూడా అనుకోలేదు.

ఉన్నట్టుండి పిట్ట చెయ్యి టక్కున మీట మీద పడింది. మోత ఆగిపోయింది.

"వదినా, ఇదేంటి? రౌండ్ చేశాక హద్దుతో పోలుస్తున్నావేంటి?"

"ఏది?"

"పసిపిల్లల కామెర్ల పరీక్ష. అంకెని ముందు రౌండ్ చేసి నిండు అంకె చేసేస్తున్నావు. ఆ తర్వాత హద్దు దాటిందా లేదా అని చూస్తున్నావు. పదిహేను హద్దనుకో. బిడ్డకి పదిహేను దాటి కాస్త ఉందనుకో. రౌండ్ చేస్తే ఆ కాస్తా ఎగిరిపోయి పదిహేనే మిగుల్తుంది. దాటలేదని రాసేస్తుంది కదా!"

గొలుసమ్మ తెర మీదకి వంగి చూసింది. ఆ రెండు వరసలే. మెట్లు కుదరలేదని తను అటూయిటూ మార్చిన ఆ రెండు వరసలే. అందరూ చూశారు. భలే ఉంది అన్నారు. కళ్ళున్న ఏ ఒక్కరికీ కనపడలేదు.

"నేను పరీక్షించానే" అన్నాడు అనుమానం, మొహం పాలిపోయి. అని, తన నమూనా అంకెలు తీసి చూసుకున్నాడు. పది, పన్నెండు, పదహారు, అన్నీ నిండు అంకెలే. నిండు అంకెల్ని ఎన్నిసార్లు రౌండ్ చేసినా ఏం మారుతుంది? ఆయన జీవితంలో మొదటిసారి అనుమానపడాల్సినచోట అనుమానపడలేదు. "అయ్యో, అయ్యయ్యో" అని నెత్తి కొట్టుకున్నాడు.

మేనేజరు వచ్చి నిలబడ్డాడు. ఎవరూ ఎవరినీ తిట్టలేదు, అంత వ్యవధి లేదు. పొద్దున్నుంచీ నడుస్తోంది ప్రోగ్రాము. పిట్ట అప్పటికే ఆ రెండు వరసల్నీ సరిచేసింది. పొద్దుటి నుంచి వెళ్ళిన రిపోర్టులన్నిటినీ సరిచేసిన ప్రోగ్రాములోంచి మళ్ళీ నడిపించారు. గొంతు ఒక్కొక్కటే చదువుతోంది, ఇప్పుడు నెమ్మదిగా, అందరికీ అర్థమయ్యేలా. తేడా లేదు. తేడా లేదు. తేడా లేదు. గొలుసమ్మ పమిట కొంగు నోట్లో కుక్కుకుని వింటోంది. ఈ గండం గడిస్తే చాలు, ఇంక జన్మలో అందాల జోలికి పోను అనుకుంటోంది. తేడా లేదు. తేడా లేదు.

తేడా ఉంది.

ఒక్క రిపోర్టు. పుట్టి కొద్దిరోజులైన ఆడపిల్ల. పొద్దున "హద్దు దాటలేదు" అని వెళ్ళింది. ఇప్పుడు "దాటింది" అంటోంది.

మేనేజరు అక్కడికక్కడే ల్యాబు డాక్టరమ్మకి ఫోన్ చేశాడు. తప్పు మాదేనండీ అని మొదటి మాటలోనే చెప్పాడు. అవతల ఆవిడ ఏమందో ఎవరికీ వినపడలేదు. వెంటనే పెట్టేసింది.

ఆ తర్వాత ఎవరూ పని చేయలేదు. అనుమానం గోళ్ళు కొరుక్కుంటున్నాడు. గొలుసమ్మ ఎక్కడో ఏదో ఇంట్లో, చేతిలో రిపోర్టుతో, హమ్మయ్య అనుకుని బిడ్డని నిద్రపుచ్చుతున్న తల్లినే తలుచుకుంటోంది. పిట్ట ఒక్కతే కదలకుండా కూర్చుంది, చెవి ఫోన్ వైపు పెట్టి.

ఫోన్ మోగింది. మేనేజరు స్పీకరు నొక్కాడు.

"దొరికారు" అంది డాక్టరమ్మ. ఆయాసపడుతోంది. "బాగానే ఉందన్నారు కదా అని ఊరికి బయల్దేరబోతున్నారు. నేరుగా ఆస్పత్రికే రప్పించాను. పాపని కామెర్లు తగ్గించే దీపాల కింద పెట్టారు. టైముకే వచ్చింది, భయం లేదు." ఒక్క క్షణం ఆగింది. "సాయంత్రందాకా ఆగుంటే ఏమయ్యేదో నేను చెప్పలేను. నేను కూడా చూశానండీ ఆ రిపోర్టు. నాకేం తోచలేదు. ఎవరు చూశారు ఇది?"

మేనేజరు నోరు తెరిచాడు. చూశారు అన్న మాట దగ్గర ఆయన తడబడ్డాడు.

"మా పిట్టగారండీ" అన్నాడు చివరికి. "మా ఆఫీసులోనే పనిచేస్తారు."

ఫోన్ పెట్టేశాడు. పెట్టేసి పిట్ట బల్ల ముందు అలాగే నిలబడిపోయాడు. అనుమానం గోళ్ళు కొరకడం మానేసి లేచాడు. ఎదురు బల్లల దగ్గర ఒకరు లేచారు, వాళ్ళని చూసి ఇంకొకరు, ఆ వెనక ఇంకొకరు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. కుర్చీలు నేలని గీసుకుంటూ ఒకటొకటిగా వెనక్కి జరిగాయి. గది మొత్తం లేచి నిలబడింది.

పిట్ట తల అటూయిటూ తిప్పింది.

"ఏంటి వదినా, అందరూ లేస్తున్నారు? భోజనాల టైమైందా?"

గొలుసమ్మ పిట్ట భుజం మీద చెయ్యి వేసి చెవి దగ్గరికి వంగింది.

"కాదే. నీకోసమే లేచారు."

పిట్టకి కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక చెవులదాకా ఎర్రబడిపోయింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, మీటల మీద పెట్టి, ఆగినచోటు నుంచి గొంతుని మళ్ళీ మొదలుపెట్టింది.

"కూర్చోమను వదినా. ఇంకా సగం వినాలి. ఈ కుర్చీల గోలకి నాకేమీ వినపడి చావట్లేదు."